ఎలక్ట్రాన్లకు దారి చుట్టిన వైండింగక్క

కాలిపోయిన ఫ్యాన్ మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం ఆమె పని. అందుకే వీధంతా ఆమెను వైండింగక్క అనేవారు. ఇరవై రెండేళ్ల తీగ రాపిడికి ఆమె చూపుడువేలు కాయకాచిపోయింది.

ఒక సోమవారం షాపు తెరిచీ తెరవగానే ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆమె వెనకే ఇద్దరు మనుషులు నిలువెత్తు అల్యూమినియం గొట్టం మోసుకొచ్చారు.

"ఇదేం ఫ్యానమ్మా?" అంది అక్క.

"ఫ్యాను కాదండీ, ఎలక్ట్రాన్లకి దారి. చుట్టూ తీగ చుట్టి కరెంటిస్తే, అవి చెదిరిపోకుండా చివరిదాకా వస్తాయి. ఎంతసేపట్లో వచ్చాయో చూస్తే, అణువులోంచి ఎంత ఊపుతో బయటపడ్డాయో తెలుస్తుంది. మేమే చుట్టాం గానీ, సందులొచ్చాయి."

అక్క తీగ మీద గోరు నడిపించి చూసింది. "ఇవి సందులా? ఎలక్ట్రాన్లేం ఖర్మ, వీటిలోంచి మా ఆయనే దూరిపోతాడు."

"విన్నాన్లే," అన్నాడు మొగుడు లోపలి గదిలోంచి.

గొట్టం తిప్పే చట్రం ప్రయోగశాలలో ఉందని, మర్నాటి నుంచి మొగుడూ పెళ్లాలిద్దరూ అక్కడికే వెళ్లి, పాత తీగ విప్పేసి పని మొదలుపెట్టారు. అతను పిడి పట్టుకొని గొట్టం తిప్పుతుంటే, ఆమె గుడ్డపేలికలోంచి తీగ వదులుతూ, చుట్టు పక్కన చుట్టు ఒరిసేలా పేర్చింది. మూడో రోజు, పదహారు వందల చుట్లు దాటాక, అక్కకు తుమ్మొచ్చింది. తీగ ఎగిరి పక్క చుట్ల మీద గీరుకుపోయింది.

"చిన్న గీతేగా, పర్లేదండీ," అంది పరిశోధకురాలు బెంగగా.

"ఫ్యానైతే నేనూ అదే అందును," అని నలభై చుట్లు విప్పి, పాడైన తీగ కత్తిరించి, అతుకు వేసి మళ్లీ చుట్టింది అక్క. ఈసారి తుమ్మొస్తే మొగుడు ఆమె ముక్కు పట్టుకోవాలని ఒప్పందం.

చుట్టడం పూర్తయ్యాక గొట్టాన్ని యంత్రంలో పెట్టి, లోపలి గాలంతా పంపులు లాగేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ మర్నాడు మధ్యాహ్నం అక్కనూ మొగుణ్నీ పిలిచి, సన్నటి రంధ్రంలోంచి నీటి ఆవిరి వదిలి, దాని మీద లేజరు వేశారు. తెరమీది గీతలో ఒక గుట్ట లేచింది.

"ఇవి విడివిడి నీటి అణువుల ఎలక్ట్రాన్లు," అంది పరిశోధకురాలు. ఆవిరి ఒత్తిడి పెంచింది. మొదటి గుట్టకు కాస్త ముందు ఇంకో గుట్ట, చిన్నదే గానీ నిటారుగా, మొలిచింది. ఆవిడ కుర్చీలోంచి లేచిపోయింది.

"అదేంటి, ఇవి తొందరగా వచ్చేశాయి?" అంది అక్క.

"అణువులు గుంపు కట్టాయండీ. గుంపులోంచి ఎలక్ట్రాను తేలిగ్గా బయటపడుతుంది, కాబట్టి ఎక్కువ ఊపు మిగులుతుంది. పాత చుట్టుతో ఈ తేడా కనిపించేదే కాదు."

అక్కకు నవ్వు ఆగలేదు. నవ్వు ఎక్కిళ్లలోకి తిరిగింది. పరిశోధకురాలు ఆమె రెండు చేతులూ పట్టుకుని గదిలో గిరగిరా తిప్పేసింది. పంపు మీటల జోలికి వెళ్లొద్దని మొగుడు ఇద్దరి వెనకా పరిగెత్తాడు.

ఆ పద్ధతి గురించి వ్యాసం అచ్చయింది. కింద కృతజ్ఞతల్లో వైండింగక్క అనే ఉంది, అసలు పేరు అడగడం అందరూ మర్చిపోయారు. అక్క పట్టించుకోలేదు. ఈలోగా మొదటిదానికి రెట్టింపు పొడుగు గొట్టం, తిప్పే చట్రంతో సహా, షాపుకే వచ్చేసింది. అది షాపులో పట్టలేదు. సగం వీధిలోకి పెట్టి చుడుతుంటే, దారినపోయేవాళ్లు వంగి వంగి దాటుతున్నారు. ఏమిటని అడిగినవాళ్లందరికీ మొగుడే గుంపుల సంగతి మొదట్నుంచీ చెబుతున్నాడు, సగం తప్పుగా, మహా హుషారుగా.