బొంబాయికి పోయినం, నూరడుగులకొకసారి కూసున్నం

ఆనాడు మేడ్చల్‌ల బస్సు దిగి మార్కెట్‌కు నడుస్తున్న. నెత్తి మీద చేపల గంప. సగం తొవ్వల రెండు పిక్కలు రాళ్లలెక్క బిగుసుకున్నయి, అరికాళ్లు మొద్దుబారినయి. ఒక దుకాణం గడప మీద కూసున్న. ఐదు నిమిషాల్ల అంతా పోయింది. లేచి నడిస్తే మళ్ల గంతే. అది 2010, వానకాలం. నాకు నలభై నాలుగేండ్లు.

మాది శామీర్‌పేట. నా భర్త మల్లేశం చెరువుల చేపలు పడుతడు, నేను అమ్ముత.

మొదలు చూసిన డాక్టర్ నన్ను కుర్చీల కూసోబెట్టి, "ఇప్పుడు నొప్పుందా?" అన్నడు.

"కూసుంటే ఉండదు సార్, నడిస్తేనే."

నర్సు దిక్కు చూసి నవ్విండు. "పని చెయ్యబుద్ధి కానోళ్లకు వచ్చే రోగం ఇది. బరువు తగ్గు. రోజూ గంటసేపు నడువు."

నడవలేక వచ్చినదాన్ని నడువుమని పంపిండు! ఆ మాట పట్టుకొని ఏడాదిన్నర నడిసిన. నడుమ కూసుంటే మల్లేశం గూడ, "డాక్టర్ చెప్పినంక గూడ కూసుంటవేందే?" అనేటోడు. ఒకనాడు చెరువు కట్ట మీద కాళ్లు తేలిపోయి పడ్డ. మణికట్టు విరిగింది.

చేతికి పట్టీ ఏయించుకోనీకి సికింద్రాబాద్ దవాఖానకు పోయినం. ఆడ లేడీ డాక్టర్ చెయ్యి చూసి ఊకోలే. "అసలు ఎందుకు పడ్డవమ్మా?" అనడిగింది. చెప్పిన. "తోపుడుబండి మీద వంగి తోసుకుంట నడుస్తే?" అని మళ్ల అడిగింది.

"అట్లయితే ఎంత దూరమైనా పోత మేడం."

ఆమె వెంటనే ఎమ్మారై రాసింది. రిపోర్టు చూసి, "లంబార్ కెనాల్ స్టెనోసిస్. నడుముల నరాలు పోయే తొవ్వ సన్నగయింది. నిలబడితే ఒత్తుకుంటది, వంగితే సందు దొరుకుతది. నీది బద్ధకం కాదమ్మా" అన్నది. కోపంతోని ఏడుపొచ్చింది నాకు. మల్లేశం తల ఎత్తలే.

ఆ ఎమ్మారై ఫిల్మ్ తీస్కపోయి మొదటి డాక్టర్ బల్ల మీద పెట్టిన. "అప్పుడు నువ్వు గిట్ల చెప్పలేదు కదమ్మా" అన్నడు.

"చెప్పిన సార్. మీరు నవ్విండ్రు."

ఫిజియోథెరపీ, గోలీలు మొదలయినయి. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చిండ్రు. "ఆపరేషన్‌కు ఇప్పుడే తొందర లేదు. కానీ మూత్రం పట్టు తప్పినా, కాలు పడిపోయినా ఆ రోజే రావాలె" అన్నది మేడం. ఇంజెక్షన్‌తోని పానం సుఖమనిపించింది. చెరువు ఒడ్డున పుట్టి పెరిగినం గని ఇద్దరం సముద్రం చూడలే. బొంబాయి టూర్‌కు పేరిచ్చినం. "నడక అస్సలుండదక్కా, అంతా బస్సే" అన్నడు టూర్ ఆయన. పోయే తారీఖు వచ్చేసరికి మూడు నెలలయింది, ఇంజెక్షన్ బలం దిగింది.

బొంబాయిల బస్సును సముద్రానికి మస్తు దూరంల ఆపిండ్రు. నూరడుగులు నడిసి ఫుట్‌పాత్ మీద కూలబడ్డ. అందరి ముందట టూర్ ఆయన, "కాళ్లు బాగలేనోళ్లు ఇంటికాడుండాలె గని, అందరి టైం ఖరాబ్ చేస్తరా?" అన్నడు. బస్సోళ్లంత చూసిండ్రు.

మల్లేశం మాత్రం, "నడక లేదని చెప్పిన నోరు నీది కాదా?" అని గట్టిగ అడిగి నా పక్కనే కూసున్నడు. మిగిలిన రెండు రోజులు బస్సు కిటికీలకెల్లి గోడలు చూసి వచ్చినం. సముద్రం వాసన తగిలింది, సముద్రం కనవడలే.

ఇంటికొచ్చినంక చుట్టాలు, "గీ కాళ్లతోని నీకు బొంబాయి ఎందుకే?" అన్నరు. కాళ్లు బాగలేకుంటే కండ్లు గూడ మూసుకోవాల్నా?

"ఈసారి మనమే పోదాం" అన్నడు మల్లేశం. ఏడో తరగతి చదివిన మనిషి, వారం రోజులు కాయితం మీద రాసి కొట్టేసి మళ్ల రాసిండు. మూడు రోజులు, రోజుకు ఒక్కటే జాగ. రైల్ల కింది బెర్తులు. స్టేషన్ల వీల్‌చైర్. లాడ్జీలకు ఫోన్ చేసి హిందీల అడుగుడు, లిఫ్ట్ ఉన్నదా, దాని దాక ఎన్ని మెట్లని:

"లిఫ్ట్ హై క్యా?"

"హై."

"లిఫ్ట్ తక్ కిత్నీ సీఢియా?"

"పంద్రా" అన్నడొకడు. పదిహేను మెట్లెక్కినంక లిఫ్ట్! ఫోన్ పెట్టేసిండు. నాలుగో లాడ్జిల కింది అంతస్తు గది దొరికింది. ఫిజియోథెరపీ అమ్మ చక్రాల వాకర్ తెప్పిచ్చి, దాని మీద వంగి ఎట్ల నడవాల్నో నేర్పింది. ముసలమ్మలెక్క అదేందని నామోషీ అనిపించింది. తీరా పోయినంక బొంబాయిల నా దిక్కు చూసేంత తీరిక ఎవ్వరికి లేదు.

పొద్దుగాల టాక్సీ సముద్రం గోడకాన్నే ఆగింది. దిగి నాలుగడుగులేసి కూసున్న. నీళ్లకు ఆవలి ఒడ్డు లేదు. మల్లేశం అలల దిక్కు చూసి, "గీ నీళ్లల్ల మన వల దేనికి పనికొస్తదే?" అన్నడు. ఇద్దరం నవ్వినం. మూడు గంటలు కదలలే. మిగిలిన రెండు రోజులు టాక్సీల తిరిగినం. చూడనియి మస్తు ఉన్నయి, వాటికి నాకు రంది లేదు.

ఇప్పుడు 2014. ఆపరేషన్ ఇంకా చేయించుకోలే. పొద్దుగాల కసరత్తు చేస్త. చేపలు ఆటోల మార్కెట్‌కు పోతయి, నేను కూసోని అమ్ముత.

నాలెక్క నడవలేనోళ్లు ఊరు పోవాలనుకుంటే ఒక్క మాట. "ఎంత దూరం?" అని అడగకుండ్రి, అందరు "గిదే, పక్కనే" అంటరు. బండి దిగినకాడికెల్లి ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు, నడుమ కూసునే జాగ ఉన్నదా అని అడగండ్రి. చెప్పలేనోడి దగ్గర టికెట్ తీస్కోకుండ్రి.