కుప్పం సాయంత్రాలకు పుంగనూరు ఎండ

ఆ రోజు నేను రెండు తప్పులు చేశాను. కొలత చెడగొట్టావని ఒకామె మీద నలుగురిలో అరిచాను. తర్వాత ఆ కొలతనే తీసేసి, నాకు నచ్చిన అంకెలు పెట్టాను.

సోలార్ పలకలు పెట్టబోయే చోట ఎండను కొలవడం నా పని. గాజు బుడగలాంటి చిన్న పరికరాన్ని ఇనుప కడ్డీకి బిగించి కప్పు మీద నిలబెడతాను. కొన్ని వారాలు అది రాసుకున్న అంకెలను గంటల వారీగా ఫైలులోకి ఎక్స్‌పోర్ట్ చేసి బెంగళూరు ఆఫీసుకు పంపుతాను. వాళ్లు కంప్యూటర్లో సిమ్యులేషన్ నడిపి, పలకలు ఎన్ని కావాలో, ఎక్కడ పెట్టాలో తేలుస్తారు.

నేను అరిచినామె కుప్పం దగ్గరి ఒక ఊళ్లో షెడ్డు వేసి పట్టుపురుగులు పెంచుతుంది. పోయిన ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటు పోయి, ఫ్యాన్లు ఆగి, గూడు కట్టాల్సిన పురుగులు తట్టల్లోనే చచ్చిపోయాయి. "ఇంకొక పంట పోతే షెడ్డుకు తాళమేసి బెంగుళూరికి కూలికి పోవాల్సిందే సార్" అని మొదటి రోజే చెప్పింది.

ఆ పొద్దున షెడ్డు కప్పెక్కి అంకెలు చూస్తే, ప్రతి సాయంత్రం ఎండ ఒక్కసారిగా పడిపోయి ఉంది. పక్కన చూస్తే కడ్డీకి పసుపు, కుంకుమ బొట్లు. నాకు కారణం దొరికిపోయింది.

"ఇదేమన్నా దేవుడామ్మా? పసుపు చేత్తో గాజు ముట్టుకుంటే కొలత చెడిపోదా?" అని పైనుంచే కేకేశాను. మల్బరీ ఆకు మోపులు దించుతున్న ఆడవాళ్లు ఆగి చూశారు.

"శుక్రవారం శుక్రవారం కడ్డీకి మాత్రం పెడతాండాను సార్. అద్దం జోలికి పోలేదు. సచ్చేది నా పురుగు, నేను యాల సెడగొట్టుకుంటాను?"

"మరి దానంతట అదే చెడిందా?"

ఒకామె కిసుక్కున నవ్వింది. షెడ్డు యజమానురాలు నిచ్చెనెక్కి వచ్చి, కొంగుతో ఆ బొట్లు తుడిచేసింది.

పుంగనూరులో ఒక మేడ మీద నా పరికరం ఇంకొకటి ఉంది. దాని సాయంత్రపు అంకెలు నా కంప్యూటర్లోంచి తీసి, ఇక్కడ పడిపోయిన అంకెల చోట నింపాను. ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసి అక్కడి నుంచే పంపాను. రేపు పలకలకు ఆర్డరు పెట్టొచ్చని ఆమెకు చెప్పి మదనపల్లె బస్సెక్కాను.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగితే టీ తెచ్చుకుని, ఊరికే కంప్యూటర్ తెరిచాను. అసలు అంకెలు ఇంకా అందులోనే ఉన్నాయి. మొదటి వారంలో ఎండ అయిదింటికి పడిపోయింది. తర్వాత వారంలో అంతకంటే కొంచెం ముందు. ఇప్పుడు నాలుగింటికే. మరక అయితే పొద్దున కూడా ఉండాలి కదా, ఇలా వారం వారం జరగదు. జరిగేది నీడ.

టీ చల్లారిపోయింది. ఆ కప్పు మీదికి నేనెప్పుడూ పొద్దునే ఎక్కి, మధ్యాహ్నం లోపలే దిగిపోయేవాణ్ణి. షెడ్డు వెనక పడమటి గుట్టను చూస్తూనే ఉన్నాను కానీ, సాయంత్రం అది ఏం చేస్తుందో ఒక్కరోజూ ఆగి చూడలేదు.

ఆఫీసుకు ఫోన్ చేసి ఆ ఫైలు పక్కన పడేయమన్నాను. సిమ్యులేషన్ నడిపే అతను పలమనేరు వాడు. సంగతి విని, "పుంగనూరు ఎండను బస్సెక్కించి కుప్పానికి తోలినావాప్పా? టిక్కెట్టు ఎవురు కొట్టినారు?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. బ్యాగు దించుకుని వెనక్కి వెళ్లే బస్సెక్కాను.

నేను చేరేసరికి నాలుగున్నర. రోడ్డు మీద ఎండ మండుతోంది. షెడ్డు కప్పు మాత్రం పూర్తిగా నీడలో ఉంది. వేసవి ముదిరేకొద్దీ సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ గుట్ట ఎత్తున్న వైపుకు చేరుతున్నాడు. ఫ్యాన్లు తిరగాల్సిన కాలంలోనే, తిరగాల్సిన వేళకే, ఈ కప్పు మీద పెట్టి ఉంటే పలకలు నీడలో ఉండేవి.

వాకిట్లో ఆమె అత్త నన్ను చూసి, "యాల నాయనా మళ్లీ వచ్చినావు? ఇంకా తిట్టాల్సింది ఏమన్నా మిగిలుండాదా?" అంది.

ఆకు కోసే ఆడవాళ్లు ఇంకా వెళ్లలేదు. వాళ్ల ముందే చెప్పాను: అద్దం శుభ్రంగానే ఉందని, తప్పు నాదని, చూడకుండా మాట అన్నానని, తప్పుడు ఫైలు పంపానని. పొద్దున నవ్వినామె తల దించుకుంది.

"ఆ గుట్ట నీడ దినమూ సూస్తాండాం సార్" అంది షెడ్డు యజమానురాలు. "మీరు అడిగింటే సెప్పుందును."

ఎండ ఎక్కడ ఎక్కువసేపు ఉంటుందో అప్పుడు అడిగాను. పొలం తూర్పు చివర బావి దగ్గరకు తీసుకెళ్లింది. అక్కడ ఇంకా ఎండ కాస్తోంది. అక్కడి నుంచి షెడ్డుకు వైరు ఎక్కువ పడుతుంది, అంతే.

ఆ రాత్రి కుప్పంలోనే ఉండి, మర్నాడు బావి పక్కన గుంట తీసి కడ్డీ నాటాను. పొద్దు గుట్ట వెనక్కి పోయేదాకా అక్కడే కూర్చున్నాను. ఆర్డరు మూడు వారాలు ఆపించాను. ఆ మూడు వారాలూ సాయంత్రానికి అందే బస్సులోనే వెళ్లాను. చివరికి ఒక్క అంకె మార్చకుండా ఎక్స్‌పోర్ట్ చేసి, ముందు పంపిన ఫైలులో నేనేం మార్చానో కూడా రాసి పంపాను.

మొదటి శుక్రవారం ఆమె పసుపు, కుంకుమ పట్టుకుని కడ్డీ వైపు వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. పెట్టమ్మా అని చెప్పి, తను పెట్టేదాకా కడ్డీ కదలకుండా పట్టుకున్నాను.