బస్టాండులో కాల్చిన పేపరు కట్ట

మా పత్రిక వార్షికోత్సవానికి ప్రత్యేక సంచిక వేస్తోందని, పల్నాడులో పత్రిక నిలదొక్కుకున్న కథ సాయంత్రానికల్లా రాసి పంపమని పొద్దున్నే డెస్క్ నుంచి ఫోన్. నరసరావుపేట విలేకరిని నేనే. ఇక కాలు నిలవలేదు. మాచర్లలో మా పత్రిక తొలి ఏజెంటు భార్య ఉందని విని బస్సెక్కాను. దారి పొడుగునా ఫోన్ తీయడం, పెట్టడం, రాయని మొదటి వాక్యాన్ని దిద్దుకోవడం.

ఆమె వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"పెద్దమ్మా, తొందరగా చెప్పు. మళ్ళీ బస్సు పట్టుకోవాలి."

"కూసో అమ్మాయ్. అంత తొందరేంది?"

ఒకసారి పక్క ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకున్న వార్త అచ్చయిందట. తమ పరువు తీశారని ఒక వర్గం వాళ్ళు బస్టాండులో పేపరు కట్ట తగలబెట్టి, ఆమె భర్త చెయ్యి విరగ్గొట్టారు. మర్నాడు బస్సులోంచి కట్ట దించుకోవడానికి ఆమే వెళ్ళింది. వాళ్ళు మళ్ళీ వచ్చారు.

"ఏమే, నీక్కూడా చెప్పాలా?" అన్నాడొకడు.

ముందురోజుది కాలకుండా ఇంట్లో మిగిలిన ఒక్క పేపరు వెంట తెచ్చుకుంది, దాన్ని అతని ముందుకు చాపింది. "చదివి తగలబెట్టుకోండిరా. మీవోళ్ళకు తగిలిన దెబ్బలు గూడా రాశారు దీంట్లో."

అతను నిలబడే చదివాడు. పక్కవాడికిచ్చాడు. తర్వాత అందరూ వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు రెండు వర్గాలవాళ్ళూ ఆమె దగ్గరే పేపరు కొనుక్కోవడం మొదలుపెట్టారు.

తిరుగు బస్సులో ఫోన్లోనే టైపు చేసి పంపాను. పిడుగురాళ్ళ దాటకముందే డెస్క్ నుంచి ఫోన్.

"పండగలాంటి సంచికలో కొట్లాటలెందుకండీ? ఆ ముక్క తీసేద్దాం."

"అది తీస్తే మిగిలేదేముంది సార్? నా పేరు తీసెయ్యండి, అది మాత్రం ఉంచండి."

ఆయన ఏమీ తేల్చలేదు. ఇంటికొచ్చినా అన్నం సయించలేదు. సంచిక వచ్చేదాకా ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

ముక్క పోలేదు. లోపలి పేజీలో, నా పేరుతోనే వచ్చింది. వెంటనే మాచర్లలో ఆమెకు ఫోన్ చేశాను.

"చదివించుకున్నా అమ్మాయ్. బాగానే రాశావు," అంది. మళ్ళీ తనే, "ఆరోజు నాకు చానా భయమేసింది. చేతులొణికి పేపరు చిరిగింది గూడా. అది రాయలేదేంది?" అంది.

ఆరోజు తొందరలో, భయమేసిందా అని నేను అడగనేలేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతున్నదాన్ని, ఫోన్ చెవికి పెట్టుకునే కుర్చీలో కూర్చుని, "ఇప్పుడు తొందర లేదు పెద్దమ్మా, చెప్పు," అన్నాను.