అనసూయమ్మ సంతకం

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక సందులో ఈమధ్య ఒక పిండిమర పెట్టారు. సాయంత్రం బాల్కనీలో నిలబడితే వేడి జొన్నపిండి వాసన పైకి వస్తుంది. ఇంట్లోవాళ్లకు ఆ వాసనకు ఆకలేస్తుందట. నేను మాత్రం లోపలికొచ్చి తలుపు వేసుకుంటాను. బీదర్‌లో, చిద్రి పేటలో అనసూయమ్మ నడిపిన పిండిమర, అక్కడి మాటలో గిర్నీ, గుర్తొస్తుంది. ఆ వెంటనే, ఆమెకు నేను చేసిన పని గుర్తొస్తుంది.

మా నాన్న ఉద్యోగం మీద మేము జహీరాబాద్ నుంచి బీదర్ వచ్చాం. అనసూయమ్మ వాళ్లు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు. భర్త పోయాక పిండి గిర్నీ ఆమే నడిపేది. వచ్చిన డబ్బాలను వరుసగా పెట్టి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో తెలుగులో పేరు రాసేది. ఒకసారి ఒక పోలీసాయన తన డబ్బా ముందుకు జరిపితే, "మీ చేత్తోనే ఎనుకకు పెట్టుండ్రి సారూ, నేను ముట్ట" అని మర ఆపేసి కూర్చుంది. ఆయన పెట్టాడు. ఆమెకు కన్నడం మాట్లాడడమే గానీ చదవడం రాదు. అక్కడే కన్నడం నేర్చుకుని, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నేను ఆమెకొచ్చే కన్నడ కాగితాలు చదివిపెట్టేదాన్ని. "తీపి చెయ్యకు సరోజా, ఉన్నదున్నట్టు చదువు" అనేది. అప్పటిదాకా నన్నెవరూ అంతగా నమ్మలేదు.

ఆ ఏడాది మునిసిపాలిటీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. గిర్నీ దగ్గర ఆడవాళ్లంతా నల్లా నీళ్ల గోడు ఈమెకే చెప్పుకునేవాళ్లు కాబట్టి ఒక పార్టీ పిలిచి టికెట్ ఇచ్చింది. పోటీలో ఒక కాంట్రాక్టర్ భార్య, ఒక మాజీ కౌన్సిలర్ కోడలు కూడా ఉన్నారు. మూడోది మా అనసూయమ్మ, అన్ని రకాలుగానూ మూడోదే. పోలింగ్ ఏజెంట్ల కాగితాల కోసమని తెల్లకాగితాల మీద కింద తెలుగులో సంతకాలు చేసి నాకిచ్చింది. పైన కన్నడంలో నేను నింపుకోవాలి. మా ఊళ్లో అందరూ అలాగే చేసేవాళ్లు.

ఓట్లకు వారం ఉందనగా, ఆమెకు టికెట్ ఇచ్చిన పార్టీ కార్యదర్శి శివప్పే జీపులో వచ్చాడు.

"మీరు ఎనుకబడ్డరమ్మా. ఓట్లు చీలి మాజీ వాళ్లు గెలుస్తరు. కాంట్రాక్టర్ వాళ్లకు మద్దతని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. పైనుంచి చెప్పిండ్రు" అన్నాడు.

"ఓడిపోతనని నాకు తెల్సు. ఓడుడు గూడ నేనే ఓడాలె గద" అంది అనసూయమ్మ, పిండి దులుపుకుంటూ.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. హళ్ళిఖేడ్ ఊరి నుంచి ఆమె మరిది వచ్చి తప్పుకోమని బతిమాలాడు. ఇంకెవరో వచ్చి గిర్నీ కరెంటు కాగితాలు చూపించమన్నారు. సందులో బండి ఆగిన చప్పుడైతే ఆమె మర ఆపి గుమ్మం వైపు చూసేది. ఆ గిర్నీ పోతే ఆమెకు వేరే ఆధారం లేదు.

శివప్ప నన్ను బస్టాండు దగ్గర పట్టుకున్నాడు. ఆ రోజుల్లో బీదర్‌లో చదువుకున్న ప్రతివాళ్లూ హైదరాబాద్ వైపే చూస్తున్నారు. "అక్కడ మా ప్లాట్ల ఆఫీసుల కన్నడం, తెలుగు రెండూ వచ్చిన పిల్ల కావాలె. ఆమె సంతకం ఉన్న కాగితం ఒక్కటియ్యి చాలు. గిర్నీ జోలికి ఎవ్వరు రాకుండ నేను చూసుకుంట" అన్నాడు. గిర్నీని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది వట్టి మాట. నాకు హైదరాబాద్ కావాలి. మర్నాడు మధ్యాహ్నం ఆమె సంతకమున్న తెల్లకాగితం ఒకటి ఇచ్చేశాను.

ఓట్లకు రెండు రోజుల ముందు కరపత్రం వచ్చింది. పైన కన్నడంలో కాంట్రాక్టర్ వాళ్లకు మద్దతుగా తప్పుకుంటున్నానన్న మాట, కింద ఆమె తెలుగు సంతకం. డబ్బాల మీద ఆ రాత రోజూ చూసేవాళ్లంతా నమ్మేశారు. అనసూయమ్మ ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, "చదువు" అంది. చదివాను.

"ఉన్నదున్నట్టే చదివినవా?"

"ఉన్నదున్నట్టే, పెద్దమ్మా."

ఇంకేమీ అడగలేదు. చెప్పులేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది. "సంతకం నాదే, మాట నాది కాదు" అని తెలుగిళ్లలో తను చెప్పింది. కన్నడం మాట్లాడడం తనకు వచ్చినా, కన్నడం ఇళ్లలో మాత్రం నాతోనే చెప్పించింది. సంతకం ఈమెదే, మాట ఈమెది కాదు అని ఎన్ని గడపల్లో అన్నానో నాకే తెలియదు. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: మరి ఆ కాగితం ఎవరిచ్చారు? అనసూయమ్మ నా వైపు చూడకుండా, "గది అడగొద్దని చెప్పు" అనేది. అదీ నేనే చెప్పేదాన్ని.

ఆమె ఓడిపోయింది. మాజీ కౌన్సిలర్ కోడలే గెలిచింది. ఓట్లు చీల్చిందని కాంట్రాక్టర్ మనుషులు కొన్నాళ్లు వేరే గిర్నీకి పోయి, మళ్లీ తిరిగొచ్చారు. నెల తిరక్కుండా నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఆ జీతంతో కొన్న మొదటి చీర ఆమెకే పంపాను, సిగ్గులేకుండా.

నిజం చెప్పడానికి నాకు ఏళ్లు పట్టింది. ఒక మధ్యాహ్నం గిర్నీలో కూర్చుని, ఏడుస్తూ చెప్పాను.

"తెల్సు. కాగితాలు నీ దగ్గర్నే ఉండె గద" అంది.

"మరి ఆ దినం ఎందుకడగలే పెద్దమ్మా?"

"అడుగుతె అబద్ధమాడుతుంటివి. ఇగ నువ్వు ఏం చదివినా నేను నమ్మకపోతుంటి. నాకు చదివిపెట్టెటోళ్లు ఇంకెవరుండిరి?"

ఆమె పోయి చాలా కాలమైంది. ఆఫీసులో ఎవరికైనా కాగితం చదివి వినిపించాల్సి వస్తే ఇప్పటికీ తీపి చెయ్యను. ఉన్నదున్నట్టు, ఒక్క మాట వదలకుండా చదువుతాను.