పట్టికలమ్మ తీసేసిన ప్రశ్న

ఆసుపత్రిలో అందరూ ఆమెను పట్టికలమ్మ అనేవారు. మూడో అంతస్తులో, లిఫ్టు మోటారు రొద వినిపించే గదిలో కూర్చుని, ఏ విభాగానికి ఎంతమంది రోగులొచ్చారు, ఎవరు మధ్యలో మందులు మానేశారు అని పట్టికలు తీయడం ఆమె ఉద్యోగం. అవన్నీ కంప్యూటర్లో నోట్‌బుక్ అనే పేజీల్లో ఉండేవి. ఒకే పేజీలో పైన మాటలు, కింద కోడు, దాని కింద ఆ కోడు గీసిన బొమ్మలు. ఆమె పనికి వంక పెట్టగలిగినవాడు ఆ ఆసుపత్రిలో లేడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బయటినుంచి వచ్చిన నోట్‌బుక్ తెరిస్తే కంప్యూటరు ఒక ప్రశ్న అడిగేది: దీన్ని నమ్ముతారా, లేదా? అంటే, ఈ పేజీలో దాగి ఉన్న కోడును పనిచేయనివ్వమంటారా అని. గుండెలు కోసి కుట్టే డాక్టర్లకు కూడా ఆ ప్రశ్న చూస్తే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. వెంటనే ఫోను.

"పట్టికలమ్మగారూ, ఏదో అడుగుతోందండీ. ఏం నొక్కమంటారు?"

"ఎవరు పంపారండీ?"

"ఎవరో పంపార్లెండి. బొమ్మ కనబడ్డం లేదు, అదీ నా బాధ."

రోజుకు పది ఫోన్లు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఒక మధ్యాహ్నం ఆమె చిన్న ప్రోగ్రాము రాసి పెట్టింది. అందరూ వాడే ఫోల్డర్లో ఏ నోట్‌బుక్ వచ్చి పడ్డా, దానంతటదే 'నమ్మాం' అని ముద్ర పడిపోతుంది. ప్రశ్న ఇక రాదు. ఫోన్లు ఆగిపోయాయి. పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. వచ్చేపోయేవాళ్లు తలుపు కొడుతున్నారని వీధి తలుపు గొళ్లెం ఊడబెరికిన తెలివి ఇది. ఎవరికీ ఆ మాట తోచలేదు. తోచాల్సింది ఆమెకే.

ఆ ఏడే ఆమె అక్కకు మనసు బాగుండలేదు. అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. కాగితాలతో పిట్టలు చేసి ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. అలాంటి మనిషికి నిద్ర లేదు, తిండి లేదు. స్నానాల గదిలో తలుపేసుకుని గంటలు గంటలు కూర్చునేది. డాక్టరుకు చూపిద్దామంటే ససేమిరా అంది.

"బడిలో తెలిస్తే ఇంకేమైనా ఉందా? పిచ్చిదాని చేతిలో పిల్లల్ని ఎవరు పెడతారే?"

"మా ఆసుపత్రికి రా అక్కా. ఆ వివరాలన్నీ ఉండేది నా దగ్గరే. నన్ను దాటి ఒక్క అక్షరం బయటికి పోదు. నాదీ పూచీ."

చెల్లెలి పూచీ మీద అక్క వచ్చింది. మందులు పనిచేశాయి. ఆరు నెలలు తిరిగేసరికి బల్ల మీద మళ్లీ కాగితం పిట్టలు కనిపించాయి.

అంతలో పరిశోధకుణ్ణంటూ ఎవడో ఒక నోట్‌బుక్ పంపాడు. ఏ వీధిలో ఏ జబ్బు ఎక్కువో చూపించే రంగుల పటమట. ఒక డాక్టరు ముచ్చటపడి దాన్ని ఫోల్డర్లో వేశాడు. పట్టికలమ్మ తెరిచింది. పటం బాగుంది. కాసేపు చూసి మూసేసింది. అందులో ఒక్క కోడు ముక్క కూడా నడపలేదు. కానీ ఆ పటం వెనకే ఇంకో కోడు నక్కి ఉంది. పేజీ తెరుచుకోగానే అది లేచి, ఆమె పేరుతో, ఆమెకున్న అధికారంతో, రోగుల జాబితాలన్నీ మూటగట్టి బయటికి పంపేసింది.

రెండు వారాలకు ఆ జాబితాలు ఇంటర్నెట్లో తేలాయి. విచారణకు వచ్చిన అమ్మాయి నెమ్మదస్తురాలు.

"నేను చూశానంతే. ఏమీ నడపలేదు," అంది పట్టికలమ్మ.

"నడపక్కర్లేదండీ. నమ్మినట్టు ముద్ర ఉందిగా, తెరిస్తే చాలు. ఆ ముద్ర ఎవరు వేశారు?"

పెద్ద డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నేనే," అంది.

మందలించి వదిలేశారు. ఉద్యోగం పోయుంటే కొంత తేలిగ్గా ఉండేది ఆమెకు. అక్క ఉద్యోగం మాత్రం పోయింది. ఒక తల్లి జాబితా చూసింది, ఇంకో తల్లికి చూపించింది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని బడివాళ్లు చాలా మర్యాదగా చెప్పారు.

ముద్రలు వేసే ప్రోగ్రామును పట్టికలమ్మ ఆ రోజే తీసేసింది. ఇప్పుడు బయటి నోట్‌బుక్ ఏది వచ్చినా, జాబితాలూ ఇంటర్నెట్టూ ఏమీ లేని వేరే కంప్యూటర్లో పెట్టి, బొమ్మల జోలికి పోకుండా, కోడంతా వరసవరసా చదివాకే లోపలికి రానిస్తోంది. ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. పదో ఫోనుకీ మొదటిదానికి చెప్పినంత ఓపిగ్గా చెబుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కాలింది తన చేతులు కాదే అన్నదే ఆమె బాధ.

అక్క ఒక్క మాట అనలేదు. తిడితే కాళ్ల మీద పడదామని పట్టికలమ్మ వెళ్లింది, అక్క తిట్టలేదు. ఆసుపత్రికి రావడం మానేసిందంతే. మందుల పొట్లం పట్టికలమ్మే తీసుకెళ్లింది. అక్క తువ్వాళ్లు మడత పెడుతోంది.

"పాత మందులు వేసుకుంటున్నావా అక్కా?"

"ఎందుకు? పట్టికలో రాసుకోవాలా?"

గొంతులో కోపం లేదు. ఆ తువ్వాలు మడిచి, ఇంకోటి తీసింది. పట్టికలమ్మ పొట్లం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

తర్వాతి వారం వెళ్తే పొట్లం పెట్టినచోటే ఉంది, కట్టిన దారం కూడా విప్పలేదు. స్నానాల గది తలుపు వేసి ఉంది. పిలవబోయి ఆగింది. ఏ మాట చెప్పి తలుపు తీయమనాలో తెలియక, అక్కడే గుమ్మం ముందు నేల మీద కూర్చుంది.