రాణీ రంగు చీర, పేరు రాయని చీటీ

ఈ పొద్దున మా అమ్మాయి స్కూలుకు తయారవుతూ స్ట్రెయిట్‌నర్‌తో జుట్టు కాల్చుకుంది. ఆ వాసన మెట్లు దిగి వంటింట్లోకి వచ్చేసరికి, దోసె తిరగేస్తున్న నా నోట్లోంచి "పట్టు" అన్న మాట దానంతటదే వచ్చేసింది. "మమ్, ఇట్స్ మై హెయిర్!" అని పైనుంచి విసుక్కుంది. నిజమే. కానీ జుట్టు కాలినా పట్టు కాలినా వాసన ఒకటే. ఆ సంగతి నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆవిడ పేరు సుగుణ. హారోలో మా వీధి చివరి ఇంట్లో ఉండేవారు. నాకు సుగుణాంటీ.

పెళ్ళయి కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు, జాకెట్టు కుట్టించుకోవడానికి ఆవిడ గడప తొక్కాను. ఆంటీ వాళ్ళది వరంగల్ వైపు. ఇక్కడికి వచ్చాక ఏళ్ళ తరబడి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశారు. అది మూతపడింది. చుట్టుపక్కల పాత బట్టల దుకాణాలూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. ప్రతి దుకాణం చివరి రోజునా వెళ్ళి, మిగిలిన తానులూ ముక్కలూ కొని ఇంటికి మోసుకొచ్చి, అడిగినవాళ్ళకు అమ్మేవారట. పువ్వుల కర్టెన్ నూలు, సూట్లకు వాడే ఉన్ని, మా అమ్మ తరం మోజుపడ్డ జపాన్ నైలాన్, అన్నీ నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉండేవి. ముందుగదిలో అంకుల్ కూర్చోవడానికి ఒక్క కుర్చీ మిగిలింది. అందులో ఆయన పేపరు చదువుకునేవారు.

ఏ బట్ట అయినా సరే, కొనేముందు అంచు నుంచి ఒక పోగు లాగి, సాసర్ మీద పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించడం ఆంటీ పద్ధతి. నూలు కాగితంలా కాలుతుంది. పట్టు జుట్టు వాసన కొట్టి, వేళ్ళ మధ్య పొడి అవుతుంది. నైలాన్ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది. కాలగా మిగిలిన పోగును చిన్న చీటీకి అంటించి, కింద ఒకే మాట రాసేవారు: నూలు, పట్టు, ఉన్ని, నైలాన్. బట్ట అమ్ముడయ్యేదాకా ఆ చీటీ దాని మడతలోనే ఉండేది.

నేను తీసుకెళ్ళిన జాకెట్టు ముక్క మా అమ్మ రాజమండ్రిలో కొన్నది. అసలు పట్టు అని గొప్పలు కూడా పోయాను. ఆంటీ నా కళ్ళముందే ఒక పోగు లాగి కాల్చారు. నల్లపూస తేలింది.

"నైలాన్ బిడ్డా. రంగు మంచిగుంది, కుడ్త తియ్యి" అన్నారు. నా మొహం చూసి, "మంటకు మొహమాటం లేదు" అని కూడా అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఆ మాట నచ్చింది మరి. ఉద్యోగం లేని రెండేళ్ళూ ఆ గదిలోనే పోగులు కాలుస్తూ గడిపాను. తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉద్యోగం వచ్చిందని చెబితే, "గంతే గద, గీడ జేసిందే ఆడ జేస్తవ్" అని నవ్వారు. శనివారాలు మాత్రం వెళ్తూనే ఉన్నాను.

ఒక శనివారం అర సర్దుతుంటే తెల్లటి పంచెలో చుట్టిన చీర బయటపడింది. రాణీ రంగు, ఆకుపచ్చ అంచు. పైకి చీటీ కనబడలేదు. అలవాటుగా అగ్గిపెట్టె అందుకున్నాను. కుర్చీలోంచి అంకుల్ పేపరు దించి, అది తను ఇక్కడికి వచ్చిన కొత్తలో తెచ్చినదనీ, అసలు సిసలైన పట్టనీ, ఆంటీ దాన్ని పండగలకు తప్ప బయటికి తీయదనీ గర్వంగా చెప్పుకొచ్చారు. ఇంతలో ఆంటీ వచ్చి చీరను నా చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నారు.

"దానికక్కర లేదు. మీ అంకుల్ తెచ్చిండు" అన్నారు.

దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు అని లోపల నవ్వుకున్నాను. ఊరందరి బట్టలూ కాల్చే మనిషి, మొగుడు తెచ్చిన చీరను మాత్రం నమ్మేసిందన్నమాట.

ఇక నా నిర్వాకం ఒకటి చెప్పాలి. స్నేహితురాలు హారిక పెళ్ళిరోజుకు వాళ్ళాయన ఇండియా నుంచి చీర తెచ్చాడు. ఎవరిదో పుట్టినరోజు పార్టీకి ఆమె అది కట్టుకొచ్చింది. అందరూ పొగుడుతున్నారు. నేను అంచు వేళ్ళతో నలిపి, ఇది పట్టు కాదని తేల్చేశాను. హారిక మొహం మాడిపోయింది. వాళ్ళాయన ప్లేటు పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఈ ఘనకార్యం ఆంటీకి చెప్పాను, మెచ్చుకుంటారనుకుని. ఆవిడ మిషను ఆపేశారు.

"ఆమె నిన్ను అడిగిందా?"

లేదన్నాను.

"మరి ఎవలి కోసం చెప్పినవ్?"

ఆవిడే మళ్ళీ అందుకుని, కొనేకాడ, అమ్మేకాడ నిజం చెప్పి తీరాలనీ, కట్టుకున్నంక అది ఒట్టి బట్ట కాదనీ అన్నారు. నాకు కోపం వచ్చి పదిహేను రోజులు ఆ గుమ్మం తొక్కలేదు. నిజం ఎక్కడైనా నిజమే కదా అని మా ఆయన దగ్గర వాదించాను. హారిక మాత్రం మా ఇంటికి రావడం మానేసింది.

కిందటేడు చలికాలంలో ఆంటీ ఆసుపత్రిలో పడ్డారు. ఆ బట్టలన్నీ నాకే ఇచ్చేస్తున్నానన్నారు. పనికొచ్చేవాళ్ళకు అమ్మమన్నారు. "చీటీ లేకుండ ఒక్క ముక్క అమ్మకు బిడ్డా" అన్నదే ఆవిడ నాతో అన్న చివరి మాట.

అంకుల్ స్విండన్‌లో కొడుకు ఇంటి దగ్గర చిన్న ఫ్లాట్‌కు మారాలి. నెలాఖరుకల్లా గది ఖాళీ చేయాలి. బట్టలు అమ్మడానికి చర్చి హాలు ఒక శనివారానికి అద్దెకు మాట్లాడాను. మూడు వారాంతాలు కూర్చుని బట్టలు వేరు చేశాను. పురుగు తిన్నవి ఒకవైపు, ఎండకు మడతలు వెలిసినవి ఒకవైపు, చీటీ ఊడిపోయినవి ఒకవైపు. ఊడిపోయిన వాటికి మళ్ళీ పోగు కాల్చినప్పుడల్లా స్మోక్ అలారం గీపెట్టేది. అంకుల్ కుర్చీ లాగి పైకెక్కబోతే ఆపి, నేనే పేపరుతో విసిరేదాన్ని. చివరికి ఆ పంచె మూట మిగిలింది.

"దాన్ని గూడ పెట్టు. కొత్త ఇంట్ల జాగ లేదు. పట్టు విలువ తెలిసినోళ్ళకు ఇయ్యి" అన్నారు అంకుల్.

చీటీ లేకుండా అమ్మకూడదు. ఆయన ఎదుట కాల్చనూ లేను. ఇంటికి తెచ్చి మంచం మీద విప్పాను. చిట్టచివరి మడతలో చీటీ ఉంది. టేపు పసుపుపచ్చగా మారిపోయింది. దాని కింద ఒక రాణీ రంగు పోగు, పోగు కొసన గట్టి నల్లపూస. పేరు రాయాల్సిన చోట ఏమీ లేదు.

ఆంటీకి తెలుసు. ఎన్నేళ్ళ కిందటో తెలుసు.

అప్పుడు గుర్తు చేసుకున్నాను. ఆ చీరను ఆవిడ ఒక్కసారైనా పట్టు అన్నారా? అంకుల్ అన్నారు, నేను అనుకున్నాను. ఆవిడ మాత్రం అంకుల్ తెచ్చాడనే అన్నారు. అబద్ధం చెప్పలేదు, నిజంతో ఆయన్ను కొట్టలేదు. మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఆంటీ కోసం కొంత, హారిక కోసం కొంత.

శనివారం హాలుకు మూటతో పాటే వెళ్ళాను. ఏదో సాకు చెప్పి దాచేద్దామనుకుంటే, అంకుల్ తనే చీర బయటికి తీసి బల్ల ముందువరసలో పరిచారు. బొంతలు కుట్టేవాళ్ళు, నాటకాల దుస్తులు కుట్టేవాళ్ళు, కాలేజీ పిల్లలు వచ్చారు. చీటీలు చదివి తలలూపి కొనుక్కున్నారు. మధ్యాహ్నం ఒక పెద్దావిడ రాణీ రంగు చీర మడత విప్పి, ఇది అసలు పట్టేనా అని ఇంగ్లీషులో అడిగింది. పక్క కుర్చీలో అంకుల్ నిటారుగా కూర్చుని నా వైపు చూశారు.

అవునంటే ఆంటీ బల్ల దగ్గర అబద్ధం. కాదంటే ఈ ముసలాయనకు ఇక ఏం మిగులుతుంది?

"ఇది ఈయన తన భార్యకు తెచ్చింది. దీన్ని అమ్మనండి" అన్నాను.

ఆవిడ అంకుల్‌ను చూసి, చీరను జాగ్రత్తగా మడిచి, రెండు గజాల పువ్వుల నూలు తీసుకుని వెళ్ళిపోయింది.

"దాన్ని అమ్మవా?" అన్నారు అంకుల్.

"అమ్మను అంకుల్. నేను ఉంచుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ ఆంటీ గూడ ఎవ్వలకు ఇయ్యకపోతుండె" అన్నారు.

ఆ సాయంత్రమే హారికకు ఫోన్ చేసి క్షమించమన్నాను. విన్నది. ఇంకా మా ఇంటికి రాలేదు, కానీ ఫోన్ ఎత్తుతోంది. ఆఫీసులో తప్పులు పట్టడంలో నేనేమీ మెత్తబడలేదు. మనుషుల దగ్గర మాత్రం, నోరు తెరిచే ముందు నన్ను ఎవరైనా అడిగారా అని చూసుకుంటున్నాను. ఎప్పుడూ కాదు, గుర్తొచ్చినప్పుడు.

పొద్దున కాలిన జుట్టు క్లిప్పు కింద దాచుకుని మా అమ్మాయి కిందికి వచ్చింది. పట్టు అన్నావెందుకని అడిగింది. బీరువా తీసి చీర చూపించాను. అచ్చం నాలాగే అంచు పట్టుకుని వేళ్ళతో నలిపింది.

"ఈజ్ ఇట్ సిల్క్?"

నేను గోదావరి జిల్లాదాన్ని. అయినా నోటికి ఆంటీ మాటే వచ్చింది.

"అంకుల్ తెచ్చిండు" అన్నాను.