మావయ్య లేత్‌కి నేను చెప్పిన చదువు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేత్తో తిప్పే ఏ యంత్రానికైనా రెండు మోటార్లు తగిలించి, పక్కన ఒక కంప్యూటరు పెడితే, అది మనిషి కంటే బుద్ధిగా పనిచేస్తుందని. డిప్లమా పూర్తయి ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాడికి ఇలాంటి నమ్మకాలు తొందరగా కుదురుతాయి. మా నాన్నగారు టీచరు, చిన్నాన్న టీచరు, అక్క కూడా టీచరే (భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు హాజరు పట్టీ తీస్తారేమోనని భయంగా ఉండేది). ఆ వరసలోంచి తప్పించుకోవడానికి నాకు దొరికిన దారల్లా అమలాపురం నుంచి ఉప్పలగుప్తం వెళ్లే రోడ్డు మీద ఉన్న మా మావయ్య లేత్ షాపు.

మావయ్య రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్మే ఏరేటర్లకి షాఫ్టులు తీసేవారు. ఇనప కడ్డీ గిర్రున తిరుగుతుంటే, చేత్తో చిన్న చక్రం తిప్పి టూలుని దాని మీదికి జరుపుతూ, కావలసిన మందానికి చెక్కడం ఆయన పని. ఆ చక్రాన్ని ఆయన బదులు మోటారు చేత తిప్పించాలని నా పథకం. "నీ ఇష్టం అల్లుడూ, చక్రం మాత్రం పీకెయ్యకు, అలవాటైపోయింది," అన్నారాయన. నాన్నగారు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "మిషనుకి ప్రార్థన పెట్టిస్తాడంట కదా మీ మావయ్య. ఆ వేళ అందరి ముందూ అది తనంతట తాను ఒక్క షాఫ్టు తీస్తే నువ్వు ఇక్కడే ఉండు. తియ్యలేదా, కాకినాడలో బ్యాంకు కోచింగు. ఇంక మాట్లాడకూడదు," అన్నారు.

అలా మొదలైంది నా అవస్థ. ఆ మిషనుతో వచ్చిన చిక్కేమిటంటే, నేను అనుకున్నది చేసేది కాదు, నేను టైపు చేసింది చేసేది. పని అయ్యాక టూలుని ముందు కడ్డీకి ఎడంగా జరిపి, తర్వాత వెనక్కి రమ్మనాలి. ఆ ముక్క చెప్పడం మరిచిపోతే, చెక్కిన దాన్నంతా మళ్లీ గీరుకుంటూ వచ్చేది. ఇనుము పాడుచేస్తానని మావయ్య నాకు సరుగుడు కర్రలిచ్చారు. నా తప్పులన్నీ అత్తయ్య నీళ్లపొయ్యిలోకి వెళ్లేవి. "ఈ వేళ బాగానే రాసినట్టున్నావు, పుల్లలు తక్కువొచ్చేయి," అనేవారావిడ, సానుభూతిగానే. పైగా దానికి కళ్లు లేవు. టూలుని కడ్డీకి ఆనించి 'ఇదే సున్నా' అని చెబితే, అక్కడి నుంచి మోటారు తిప్పిన చుట్లు లెక్కపెట్టుకుంటూ పోవడమే తప్ప, టూలు నిజంగా ఎక్కడుందో దానికి తెలియదు. నా వల్ల కాదనిపించి ఒక మధ్యాహ్నం నిజంగానే ఏడ్చాను. కంట్లో పొట్టు పడిందని చెప్పాను.

ప్రార్థన రోజు రానే వచ్చింది. పాస్టరుగారు, ఇస్త్రీ చొక్కాలో నాన్నగారు, షాఫ్టుల కోసం వచ్చి ఇరుక్కుపోయిన ఒక చెరువు రైతు, సేమ్యా గిన్నెతో అత్తయ్య. నేను టూలుకీ కడ్డీకీ మధ్య పాత కేలండరు కాగితం పెట్టి, అది బిగిసేదాకా జరిపి, కాగితం లాగేసి సున్నా చెప్పాను. అందరం కళ్లు మూసుకున్నాం. పాస్టరుగారు లోకంలోని చేతిపనులన్నిటినీ దీవిస్తూ, వడ్రంగుల్నీ జాలర్లనీ దాటి లేత్ దగ్గరికి వచ్చేసరికి ఫ్యాను ఆగింది. మెడ మీద చెమట కారింది. కాసేపటికి ఫ్యాను మళ్లీ తిరిగింది. ప్రార్థనలో కళ్లు తెరిచినవాణ్ణి అత్తయ్య ఏడాదిపాటు క్షమించరు కాబట్టి నేను తెరవలేదు. ఆమెన్ అన్నాక చూస్తే, ఇన్వర్టరు మీదున్న కంప్యూటరు తెర మీద సున్నా చెక్కుచెదరకుండా ఉంది.

బటన్ నొక్కాను. కడ్డీ తిరిగింది. టూలు దానికి బొటనవేలంత దూరంలో నిలబడి, ఎంతో మర్యాదగా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచింది. ఒక్క రజను రాలలేదు. "ఎప్పుడు మొదలెడతదండీ?" అన్నాడు రైతు. "ఇప్పుడు చేసింది అదేనండి," అన్నారు నాన్నగారు. నా లెక్కే తప్పిందనుకుని, మిషను ఆపి, చెవులు కాలిపోతుండగా తల వంచుకుని, ఇంకో బొటనవేలంత లోపలికి వెళ్లమని టైపు చేశాను. ఆ మధ్యలో కరెంటు మళ్లీ ఒకసారి పోయి వచ్చింది. నొక్కాను. ఈసారి టూలు నేరుగా ఇనుములోకి దూసుకుపోయింది. ఫట్‌మని విరిగింది, బెల్టు కీచుమంది, కడ్డీ పట్టులోంచి ఊడి మావయ్య చెప్పుల పక్కన పడింది. పాస్టరుగారు రెండడుగులు వెనక్కి వేసి నెమ్మదిగా "స్తోత్రం" అన్నారు. నాన్నగారు బండి తాళం తీశారు. మర్నాడు నేను కాకినాడ బస్సులో ఉన్నాను.

ఇప్పుడు రాజోలులో బ్యాంకు ఉద్యోగం. మావయ్య మోటార్లు పీకేసి, ఓపిక ఉన్నన్నాళ్లూ చేత్తోనే తిప్పుకున్నారు. మొన్న చూడ్డానికి వెళ్తే, మాటల్లో ఆ సంగతి వచ్చింది.

"కరెంటు పోయినప్పుడు నేనే కదరా టూలు వెనక్కి తీసేను," అన్నారు తాపీగా. "మోటారు పట్టు వదిలేసింది, చక్రం వెన్నలా తిరిగింది. తియ్యకపోతే కరెంటు రాగానే కొరికేస్తాది కదా. టూలు గాల్లో తిరుగుతుందని రెండోసారి పోయినప్పుడు మళ్లీ ముందున్నచోటే పెట్టేసేను."

ఆయన సరిచేసిన దాన్నే నేను ఇంకో బొటనవేలంత లోపలికి పొమ్మన్నానన్నమాట. "మరి నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "ప్రార్థనలో కళ్లు తెరిచేనని మీ అత్తయ్యకి తెలిసిపోదూ? అయినా అంత కంప్యూటరు పెట్టేవు, టూలెక్కడుందో అదే చూసుకుంటాదనుకున్నాను."

అంటే, ఆ షెడ్డులో ఆ రోజు ఖాయంగా కళ్లు మూసుకున్నది నేనూ, ఆ మిషనూ. నా జీవితం ఎటు వెళ్లాలో తేలే ఘడియలో ఇద్దరం అంత భక్తిగా ఉన్నాం. ఇప్పటికీ బ్యాంకులో ఫ్యాను ఆగితే, అక్కడ లేని చక్రాన్నొకదాన్ని నా కుడిచెయ్యి వెనక్కి తిప్పబోతుంది. అప్పుడు, చెమట కారుతున్నా కళ్లు తెరవని ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, మరీ బుద్ధిమంతుడు అనుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.